పానకం తాగిన మైకు సెట్టు

కంప్యూటరు పెట్టెకి పక్క రేకు విప్పగానే తడిసిన దుమ్ము వాసన గుప్పుమంది. తడిగుడ్డతో తుడిచి, ఆరకముందే తలుపులు మూసేసిన బీరువాలో వచ్చే వాసన అది. నిన్నటి నుంచి ఈ పెట్టె నన్ను ఏడిపిస్తోంది. నిన్నంతా మీట నొక్కితే ఫ్యాను తిరిగేది, తెర వెలిగేది, నేను కళ్ళజోడు సర్దుకునేలోపే టప్పున ఆరిపోయేది. ఇవాళ పొద్దున్నుంచి ఆ వెలుగు కూడా లేదు. కీచుమని అరవడమే తప్ప తెర నల్లగానే ఉంటోంది. రిటైరయ్యాక ఇన్నేళ్ళుగా ఒక వేలుతో టైపు చేసుకున్న నా పేజీలన్నీ అందులోనే ఉన్నాయి. వాటిని ఇంకో చోట కూడా దాచుకోమని మా అబ్బాయి చెప్పినప్పుడల్లా "రేపు చూద్దాంలే" అన్న మహానుభావుణ్ణి నేను. బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడికి ఫోన్ చేస్తే, "డిస్కు పోయిందేమో సార్, విజయవాడ పంపాలి" అన్నాడు.

మా మనవరాలు హారిక తలుపు పక్కన నిలబడి ఇదంతా చూస్తోంది. ఆరో తరగతి చదువుతోంది. ఇంట్లో ఏ వస్తువు విప్పినా పక్కన చేరి ప్రాణం తీసేలా ప్రశ్నలు వేసే పిల్ల ఇవాళ నోరు మెదపడం లేదు. నాకు అనుమానం వచ్చింది. "ఎవరు ముట్టుకున్నారు దీన్ని?" అని అరవబోయాను. మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. దాన్ని ఆపింది ఖాసిం గారు. ఆయన పోయి చాలా కాలమైంది. బతికుండగా కంప్యూటరన్న వస్తువుని కళ్ళతో చూసి ఉండరు. అయినా ఆ పెట్టె ముందు నాకు ఆయనే గుర్తొచ్చారు.

డెబ్బైల మొదట్లో నేను మాస్టారి ఉద్యోగంలో చేరి కొత్తగా తిరువూరు వచ్చాను. అద్దెకు దొరికిన గది ఖాసిం గారి మైకు సెట్టు కొట్టు పక్కనే. నేను పళ్ళు తోముకుంటుంటే ఆయన "హలో, హలో, మైక్ టెస్టింగ్" అంటూ వీధి వీధంతా లేపేసేవారు. ఇస్త్రీ చొక్కా, అత్తరు ఘుమఘుమ, నూనె రాసి వెనక్కి దువ్విన జుట్టు. తన గొంతంటే ఆయనకు మహా ముచ్చట. పెళ్ళయినా, ఎలక్షనయినా, ఊళ్ళోకి కొత్త సినిమా వచ్చినా తిరువూరు వినేది ఆ గొంతునే. ఆ సంగతి మనం మరిచిపోతామేమోనని ఆయనే గుర్తుచేస్తుండేవారు. వినయం ఆయనకు ఆమడ దూరం. మైకు పని లేని రోజుల్లో రేడియోలు బాగుచేసేవారు. సాయంత్రం బడి వదిలాక నేను ఆ కొట్టు అరుగు మీద చేరేవాణ్ణి.

రేడియో పట్టుకొచ్చిన ప్రతి మనిషీ ఒకే పాట పాడేవాడు. "నేనేం చెయ్యలేదు. దానంతటదే ఆగిపోయింది." ఒకరోజు రెడ్డిగూడెం నుంచి ఒక మామిడితోట రైతు చంకలో రేడియో పెట్టుకుని వచ్చి అదే మాటన్నాడు. ఖాసిం గారు రేడియోని ముట్టుకోలేదు. రైతుకి కుర్చీ వేసి, తను పొట్టి స్టూలు లాక్కుని ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చున్నారు. ఎవరొచ్చినా ఆయన పద్ధతి అదే.

"ఈ యేడు పూత ఎలా ఉందండీ?"

"బాగానే నిలబడింది."

"ఇది ఆగేటప్పటికి ఏం వస్తోంది ఇందులో?"

"పాటలొస్తన్నాయి."

"ఎక్కడ కూర్చుని వింటున్నారు?"

"కూర్చోలేదు. గేదె పాలు తీస్తన్నా."

"మరి రేడియో?"

రైతు కాసేపు కొట్టు పైకప్పు కేసి చూశాడు. "కుడితి గోలెం అంచు మీద పెట్టాన్లే. గేదె తల విదిలించింది."

ఖాసిం గారి మొహంలో నవ్వు జాడ కూడా లేదు. "అలాగా" అని రేడియో అందుకుని వెనక మూత విప్పారు. రైతు సందు మలుపు తిరిగాక మాత్రం కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వారు. తరవాత నాకేసి తిరిగి, "ఎవరు పాడుచేశారని అడిగితే మనిషి మూసుకుపోతాడు మాస్టారూ. మనిషి మూసుకుపోయాక రేడియో ఎంత విప్పితే ఏం లాభం?" అన్నారు. వ్యాపారం చేసుకునేవాడి తెలివి అనుకుని ఊరుకున్నాను. తరగతిలో "ఎవర్రా అది?" అని గర్జించడమే మాస్టారితనం అనుకుంటున్న వయసు నాది.

ఆ మాట అసలు విలువ నాకు శ్రీరామనవమి రోజున తెలిసింది. మా వీధి చివర రామాలయం ముందు పందిరి వేశారు. ఖాసిం గారు కొత్తగా కొన్న, మైకులో గొంతుని పెద్దది చేసే ఆంప్లిఫైరు పెట్టెని మొట్టమొదట ఆ పందిట్లోనే పెట్టారు. మైకు రాకముందు ఆయన తండ్రి ఆ స్వామి ఊరేగింపుకి పెట్రోమాక్స్ దీపాలు పట్టేవారట. అందుకని ఆ ఒక్క రోజు ఆయన అత్తరు కొంచెం ఎక్కువే పూసుకునేవారు. కల్యాణానికి వ్యాఖ్యానం చెప్పమని గుడి కమిటీ వాళ్ళు నన్ను పిలిచారు. నేను గొంతు సవరించుకుని సీతమ్మవారి సిగ్గు గురించి మొదలుపెట్టానో లేదో, పందిరి మీది మైకు హారన్లు గుర్రుమని మూగబోయాయి. ఖాసిం గారు ఫ్యూజు మార్చారు. పలికింది. కాస్త వేడెక్కేసరికి మళ్ళీ గుర్రుమంది, మళ్ళీ ఆగింది. వైర్లు చూశారు, మైకు మార్చారు. ఈసారి అసలు ప్రాణమే రాలేదు.

కమిటీ పెద్ద రాఘవయ్య గారు కండువా దులుపుకుంటూ వచ్చారు. నలభై ఎకరాల రైతు. కోపం వస్తే ఆయనకు మైకే అక్కర్లేదు.

"ఏమయ్యా ఖాసిం, పదిమందిలో పరువు తీశావే! తలంబ్రాల వేళకి ఇది పలక్కపోతే వచ్చే యేడు విజయవాడ నుంచి సెట్టు తెప్పిస్తా. నీకీ పందిరితో పని లేదిక."

ఆయన అటు వెళ్ళాక ఖాసిం గారి మొహం చూడలేకపోయాను. పొద్దున వీధంతా మోగిన మనిషి నా చెవిలో, "మా నాన్న దీపాలు పట్టిన పందిరి మాస్టారూ ఇది. ఇక్కణ్ణించి నన్ను పంపేస్తే ఈ ఊళ్ళో తలెత్తుకుని తిరగలేను" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. పందిరి వెనక ఆడుకుంటున్న మా బడి పిల్లల్ని వరసలో నిలబెట్టి, "ఎవర్రా ఆ పెట్టెని ముట్టుకుంది?" అన్నాను. అందరూ నేల చూపులే. ఒకడు ఏడుపు లంకించుకున్నాడు.

"మాస్టారూ, మీ బడికి ఇవాళ సెలవు కదా" అన్నారు ఖాసిం గారు. పిల్లల్ని ఆడుకోమని పంపేసి, హారను తెచ్చిన చెక్కపెట్టె బోర్లించి దాని మీద కూర్చున్నారు. తలంబ్రాలకు వేళవుతుంటే ఈ కూర్చోవడమేమిటని నా ప్రాణం గిలగిల్లాడింది. ఆయన అక్కడున్న వాళ్ళందరికీ వినపడేలా, నెమ్మదిగా అన్నారు. "ఎవరన్నది నాకొద్దండీ. ఇది ఆగేముందు ఇక్కడ ఏమేం జరిగిందో చెబితే నాకదే చాలు."

పూలబుట్ట దించామన్నారు ఒకరు. బల్ల కొంచెం జరిపామన్నారు ఇంకొకరు. చివరికి స్తంభం చాటున ఇత్తడి గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న శేషమ్మ గారు లేచారు. ఆవిడ రాఘవయ్య గారి తల్లి.

"నాయనా ఖాసిం, స్వామికి నైవేద్యం అవగానే మొదటి పానకం నేను దానికే పోశాను."

"దేనికమ్మా?"

"నీ పెట్టెకే. రాములవారి పెళ్ళి ఊరందరికీ వినిపించేది అదే కదా. పసుపూ కుంకుమా పెట్టాను. పైన చిల్లులుంటే నోరనుకున్నాను." ఆవిడ గిన్నె కింద పెట్టేశారు. "నా చేత్తో నేనే స్వామి కల్యాణానికి అడ్డం పడ్డానా నాయనా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఖాసిం గారు అటు ఒక్క చూపు చూసేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

"అడ్డమేం లేదమ్మా. ఇన్నాళ్ళుగా సెట్లు మోస్తున్నాను, వాటికి దాహమేస్తుందేమో అన్నవాళ్ళని చూడలేదు. ఎంత పోశారు?"

"ఉద్ధరిణెతో ముమ్మారు."

"సరే. ఇక మీరు నిశ్చింతగా కూర్చోండి. ఏం చెయ్యాలో తెలిసిపోయింది."

కరెంటు తీసేసి పైమూత విప్పితే లోపలంతా బెల్లం జిగురు. అందులో మిరియం పలుకులు కూడా. స్పిరిటులో ముంచిన దూదితో, గాజుబుడ్ల లాంటి వాల్వులు కూర్చునే గుంటలన్నీ తుడిచి, పెట్టెని పందిరి బయట ఎండలో పెట్టారు. చైత్రమాసపు మధ్యాహ్నం, తిరువూరు ఎండ. అంతకన్నా పొయ్యి ఏం కావాలి? ఈలోగా నేను ఉత్త గొంతుతో సీతమ్మవారి పెళ్ళి నడిపించాను. ముందు వరసలో కూర్చున్నవాళ్ళకి కూడా నా మాట వినపడలేదని తరవాత చెప్పారు. పురోహితుడు తలంబ్రాల పళ్ళెం ఎత్తుతుండగా ఖాసిం గారు పరుగున వచ్చి ఆయన నోటి దగ్గర మైకు పెట్టారు. మంత్రం వీధి చివరిదాకా మోగింది. జనం ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు.

"ఏమైందయ్యా దానికి?" అని అడిగారు రాఘవయ్య గారు.

"తడి చేరిందండీ. ఆరబెట్టాను."

అంతకు మించి ఆయన ఒక్క ముక్క చెప్పలేదు. మరుసటి యేడు అదే పందిట్లో అవే హారన్లు మోగాయి. శేషమ్మ గారు గ్లాసుతో పానకం తెచ్చి, "ఇది దానికి కాదు, నీకు" అన్నారు. ఆయన గటగటా తాగేసి, "కిందటేడు మిరియాలు బాగా పడ్డాయమ్మా" అన్నారు. ఆవిడ పడీపడీ నవ్వారు.

ఆ నవమి తరవాత నా గర్జన తగ్గింది. తరగతిలో గోడ పటం చిరిగినా, కిటికీ అద్దం పగిలినా, పిల్లల బెంచీ మీద వాళ్ళ మధ్య కూర్చుని "ఏం జరిగిందిరా?" అని అడగడం అలవాటు చేసుకున్నాను. పిల్లలు ఎన్నెన్ని చెప్పేవారో! పటం సంగతి అడిగితే ఇంట్లో అన్నం లేని సంగతి బయటపడేది. అరిచి ఉంటే అవేవీ నాకు తెలిసేవి కావు. నన్ను మంచి మాస్టారని ఎవరైనా అంటే అందులో సగం వాటా ఖాసిం గారిదే. ఆ మాట ఆయనకే చెప్పాను ఒకసారి. "సగమేనా?" అన్నారు.

అలవాటు ఎంత ముదిరినా, సొంత వస్తువు పాడైతే పాత గర్జన లేచి వస్తుంది. ఇవాళ వచ్చిన గర్జనని మింగేసి, పొట్టి స్టూలు లాక్కుని కూర్చున్నాను. హారికని నా కుర్చీలో కూర్చోబెట్టాను.

"ఎవరన్నది నాకొద్దమ్మా. ఇది ఆగేముందు ఏం జరిగింది?"

చాలాసేపు కాళ్ళు ఊపింది. "దీని దుమ్ముకి నువ్వు తుమ్ముతున్నావు కదా తాతయ్యా. అందుకని మొన్న లోపలంతా తుడిచాను. నీకు సర్‌ప్రైజ్ అని."

"దేంతో తుడిచావు?"

"తడిగుడ్డతో. బాగానే పిండాన్లే."

"ఏదైనా ఊడిందా?"

"నిన్న అది ఆరిపోతోందని రాత్రి మళ్ళీ విప్పి చూశాను. ఒక పచ్చ పట్టీ కదిలింది. నొక్కేశాను. నొక్కాననుకున్నా."

వైరు తీసేసి పెట్టెని మధ్యాహ్నమంతా డాబా మీద ఆరబెట్టాం. కంప్యూటరు మెమరీ అనే ఆ పచ్చ పట్టీని తీసి, పొడిగుడ్డతో తుడిచి, టక్కుమనేదాకా ఆ పిల్ల చేతనే నొక్కించాను. మీట నొక్కాను. ఫ్యాను తిరిగింది. తెర వెలిగింది. ఊపిరి బిగబట్టి చూస్తుంటే నా పేజీలు ఒక్కొక్కటే కనిపించాయి. అన్నీ ఉన్నాయి. ఇద్దరం ఒకేసారి గాలి వదిలాం.

రేకు బిగించి స్టూలు మీంచి లేవబోతుంటే హారిక నా చొక్కా పట్టుకుంది.

"తాతయ్యా, ఇంకోటి కూడా చెప్పాలి."

నేను మళ్ళీ కూర్చున్నాను.