షణ్ముగం ఫోను నంబరు

మా విజయరాణి వదినకు నోరెక్కువ. అన్న పోయాక మలేషియాలోని తెలుక్ ఇంటాన్ ఊళ్లో ఒక్కతే ఉంటూ, ఫోను లైవ్‌లో చీరలు అమ్ముతుంది. అమ్మకమంతా తమిళంలోనే. బేరాలాడేవాళ్ల మీద ఒళ్లు మండితే మాత్రం నవ్వుముఖంతోనే తెలుగులో తిడుతుంది. అర్థమైతే మనవాళ్లకే అర్థమవుతుందని ధీమా. ఇక్కడి తెలుగువాళ్లందరికీ ఉన్న జబ్బే అది, నాకూ ఉంది.

ఏప్రిల్‌లో ఎవడో దొంగపేరుతో ఆమెకు తమిళంలో బూతులు పంపడం మొదలుపెట్టాడు. తర్వాత ఆమె ఇంటి గేటు ఫొటో వచ్చింది, ‘ఒక్కదానివే కదా’ అని. వదిన తలుపుకు రెండో తాళం వేసింది. స్నానం చేయడానికీ భయపడేది. నాకూ భయమే, పైకి చెప్పలేదంతే.

ఆమె అనుమానం వీధి చివర మెకానిక్ షణ్ముగం మీద. కారు అడ్డంగా పెట్టాడని అంతకుముందు అతనితో గొడవపడింది. ఒకరోజు లైవ్‌లో ఉండబట్టలేక, తెలుగులో అతని పేరు, ఫోను నంబరు చెప్పేసింది.

“ఈడే నన్ను బెదిరిస్తన్నాడు. మనోళ్లు ఫోన్ సేసి గట్టిగా అడగండి.”

ఎవరో దాన్ని తమిళంలో రాసి కింద కామెంట్లలో పెట్టారు. సాయంత్రానికి షణ్ముగానికి వందల ఫోన్లు, చంపుతామని కొన్ని. అతని కూతురు బడికి వెళ్లడం మానేసింది. అతను పోలీసు రిపోర్టు ఇచ్చాడు.

స్టేషనుకు వదినను నేనే కారులో తీసుకెళ్లాను. “నిన్ను బెదిరించడం నేరమే. వేధించమని ఒకరి నంబరు జనానికివ్వడమూ నేరమే” అంది అధికారిణి మలయ్‌లో. ఎదురు బెంచీ మీద షణ్ముగం కూర్చున్నాడు, అతని ఫోను అధికారిణి బల్ల మీద ఉంది.

అప్పుడే వదిన ఫోనుకు సందేశం వచ్చింది. అదే దొంగపేరు. ఈసారి తెలుగు మాటలు, ఇంగ్లీషు అక్షరాల్లో.

‘పోలీసుల కాడికెల్లినావేటి వదినా?’

ఈ ఊళ్లో ఆమెను వదినా అని పిలిచేవాళ్లం ఆరుగురం.

సందేశం చదివించుకుని, “ఎవరి మీదైనా అనుమానముందా?” అని అడిగింది అధికారిణి. వదిన నావైపు చూసింది. నా చేతిలో నా ఫోను ఉంది. నేను కాదని చెప్పాలనుకుంటూనే ఫోను బోర్లా తిప్పాను.

“ఒక పేరు సెప్పి తప్పు సేసినాను. ఇంక ఎవురి పేరూ సెప్పలేను” అంది వదిన.

బయటికొచ్చాక కారు ముందు తలుపు తెరిచి పట్టుకున్నాను. ఆమె బస్సు కోసం రోడ్డు దాటింది.