రెండు వేళ్ళ మందం

రైలు దిగేసరికి ఉదయం ఆరూ పది. చలి ఏడు డిగ్రీలు. స్టేషన్ బయట మిలిటరీ ట్రక్కు నిలబడి ఉంది. డ్రైవరు నా పక్కబట్టల హోల్డాలు అందుకుని వెనక పడేశాడు. పనిముట్ల పెట్టెను మాత్రం నేనెవరికీ ఇవ్వను. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇరవై రెండు కిలోమీటర్ల ప్రయాణం. మధ్య భారతంలోని పీఠభూమి అది. రోడ్డుకి రెండు వైపులా నల్లరేగడి, శనగ చేలు, దూరంగా పొట్టి కొండలు. ఆరూ యాభైకి ఫైరింగ్ రేంజి గేటు దగ్గర దిగాను.

తిరువూరు బస్టాండు ఎదురుగా టీ తాగుతుంటే ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతారు, "బోర్డర్లో చేశారంట కదండి, కాల్పులవీ చూశారా?" అని. బోర్డర్లో కూడా చేశాను. అక్కడ చెప్పుకోవడానికి చలి తప్ప ఏమీ లేదు. నన్ను వదలనిది సర్వీసు చివర్లో చేసిన ఈ ఎనిమిది వారాల డ్యూటీ. అక్కడ శత్రువు లేడు. యాభై మీటర్ల దూరంలో కాగితాలు ఉండేవి, అంతే. ఈ మాట చెప్పగానే వాళ్ళకి గంపలగూడెం ఆటో గుర్తొస్తుంది. గ్లాసు పెట్టేసి వెళ్ళిపోతారు. అందుకే నోటితో చెప్పడం మానేసి రాస్తున్నాను.

నేను ఆర్మరర్‌ని. తుపాకులు బాగుచేసేవాణ్ణి. హోదా హవల్దార్. నాకిచ్చిన ఆర్డరు ఒక్క పేజీ. మహిళా జవాన్ల షూటింగ్ టీమును ఎంపిక చేసే శిక్షణ అది. ఆరు రైఫిళ్ళ బాధ్యత నాది. అవి పోటీల్లో వాడే చిన్న గుళ్ళ రైఫిళ్ళు. వేర్వేరు యూనిట్ల నుంచి ఆరుగురు అమ్మాయిలు వచ్చారు. టీములో చోట్లు నాలుగు. మూడో వారం చివర ఒక ట్రయల్, ఆరో వారం చివర ఒకటి, ఎనిమిదో వారం చివర ఆఖరుది. మూడింటి పాయింట్లూ కలిపి మొదటి నలుగురిని ఉంచుతారు. మిగతా ఇద్దరూ వెనక్కి వెళ్ళాలి.

కోచ్‌ని అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. హిమాలయాల కింద నుంచి వచ్చిన సుబేదార్. రోజుకి ఇరవై మాటలు మాట్లాడితే ఆ రోజు ఆయనకి హుషారుగా ఉన్నట్టు లెక్క. అయిదున్నరకి టీ, ఆరింటికి పరుగు, పొగమంచు విడిచాక ఎనిమిదింటికి ఫైరింగ్. పన్నెండున్నరకి భోజనం. రెండు నుంచి నాలుగు దాకా ఆయుధాల గదిలో రైఫిళ్ళు తుడవడం. ఆ గది నాది.

రెండో రోజు మూడుంపావుకి నాలుగో లేనులో కాల్చే అమ్మాయి వచ్చింది. లాన్స్‌నాయక్. ఆరుగురిలో అందరికన్నా పొట్టి.

"సార్, మీది తిరువూరంట కదండి. మాది గంపలగూడెం అవతల."

మనూరి మాట అంత దూరంలో వినిపిస్తే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. నాకూ వచ్చింది. పైకి కనపడనిస్తే హవల్దార్‌ని ఎందుకవుతాను? "పనేంటో చెప్పమ్మా" అన్నాను.

"ఈ స్టాక్ వెనక కొంచెం తగ్గించటం కుదురుద్దా అండి? మెడ బాగా సాచాల్సి వస్తోంది."

రైఫిల్లో ఇనుప భాగాన్ని పట్టి ఉంచే చెక్కే స్టాక్. దాని వెనక కొస భుజానికి ఆనుతుంది. పై అంచు మీద చెంప ఆనుతుంది. ఆ రెండూ కుదురుగా ఆనితేనే కన్ను ప్రతిసారీ ఒకే చోటికి వస్తుంది. ఇదంతా నాకు తెలుసు. నేను క్లాసులో చెప్పే పాఠమే ఇది.

"అది ఫ్యాక్టరీ కొలత. ప్రభుత్వ ఆస్తి" అన్నాను. "స్టాక్ మారదు. నువ్వే అలవాటు పడాలి."

"సరే సార్" అని వెళ్ళిపోయింది.

ఇరవై నాలుగేళ్ళ సర్వీసులో ఫ్యాక్టరీ స్టాక్ మీద నేను రంపం పెట్టలేదు. విరిగితే అతికించాను, వదులైతే బిగించాను. కోయడం వేరు. ఒకసారి కోస్తే మళ్ళీ రాదు. రిజిస్టర్లో నంబరుతో ఉన్న వస్తువు. రిటైర్‌మెంటుకి ఆరు నెలలు ఉంది. ఈ వయసులో నాకెందుకు ఈ తలనొప్పి అనుకున్నాను. నిజం చెప్పాలంటే భయపడ్డాను, దానికి రూలు అని పేరు పెట్టుకున్నాను.

మూడో వారం చివర మొదటి ట్రయల్. తొమ్మిదింటికి మొదలైంది. ఎండ పల్చగా ఉంది. గాలి ఎడమ నుంచి నిదానంగా వీస్తోంది. ఒక్కొక్కరికి అరవై గుళ్ళు. టార్గెట్ల దగ్గర బట్స్ అనే కందకంలో ఉన్న జవాను వాకీటాకీలో ఫలితం చెప్పేవాడు.

"బట్స్, ఫైరింగ్ పాయింట్. నాలుగు చెప్పు. ఓవర్."

"నాలుగు. ఎనిమిది, ఎడమ కింద. ఓవర్."

"తర్వాతది."

"నాలుగు. తొమ్మిది, కుడి పైన. ఓవర్."

ఉస్తాద్ టెలిస్కోపు నుంచి కన్ను తీశాడు. "గాలి ఒక వైపే వీస్తోంది. గుళ్ళు నాలుగు వైపులా పోతున్నాయి. ఇది అమ్మాయి తప్పు కాదు" అని నావైపు చూశాడు. నేను గాలి జెండా వైపు చూశాను.

నాలుగో స్థానంలో ఉన్న అమ్మాయికన్నా పద్దెనిమిది పాయింట్లు వెనకబడింది. ఆరుగురిలో ఆరోది. మధ్యాహ్నం రైఫిల్ అప్పజెప్పడానికి వచ్చినప్పుడు చెంప మీద చెక్క రాసుకున్న ఎర్రటి గీత ఉంది.

"తిరిగెళ్తే మళ్ళీ నా పేరు పంపరు సార్. ఒక్క ఛాన్సే అని వచ్చేటప్పుడే చెప్పేశారు" అంది. "గేటు డ్యూటీ చెడ్డదేం కాదులెండి. కానీ నాకిది వచ్చు. ఇదొక్కటే బాగా వచ్చు."

ఏడవలేదు. సంతకం పెట్టి వెళ్ళింది. ఆ రోజంతా నా మీద నాకే చిరాకు. ఆ చిరాకు వంటవాడి మీద చూపించాను.

తర్వాతి శుక్రవారం సాయంత్రం అయిదున్నరకి ఇంటికి ఫోన్ చేశాను. మా ఆవిడ తిరువూరు సెంటర్లో పూలు కొంటోంది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే బేరం సాగించింది. నాతో మాట్లాడాల్సింది పూలమ్మే ఆమెకి వినిపిస్తోంది, ఆమెతో మాట్లాడాల్సింది నాకు వినిపిస్తోంది.

"ఇదేం మూరమ్మా? నీ చెయ్యి జానెడుంది. ఇటివ్వు, నా చేత్తో కొలుస్తా."

"అమ్మే చెయ్యి కొలవాలండి. కొనే చెయ్యి కొలిస్తే నేనేం బతుకుతాను?"

"అయితే నీ చేత్తోనే కొలువు గానీ రెండు మూరలకి మూడు ఇవ్వు."

నేను గట్టిగా నవ్వాను. నవ్వుతూ బల్ల మీదున్న నాలుగో నంబరు రైఫిల్ని చూశాను. నవ్వు ఆగిపోయింది. మోచేతి నుంచి వేలి కొస దాకా మూర. స్టాక్ పొడవు చూసే పాత పద్ధతి కూడా అదే. స్టాక్ వెనక కొసని మోచేతి మడతలో పెడితే చూపుడు వేలు ట్రిగ్గర్ని అందుకోవాలి. నేను పెట్టి చూశాను. హాయిగా అందింది. ఫ్యాక్టరీలో కొలిచినవాడిది నా అంత చెయ్యి. ఆ అమ్మాయిని నేను ఒక్కసారైనా కొలిచానా? "ఏంటండీ, ఉన్నారా?" అంటోంది మా ఆవిడ. "మళ్ళీ చేస్తాను" అని పెట్టేశాను.

అమ్మాయిని పిలిపించాను. రైఫిల్ ఖాళీగా ఉందని ఇద్దరం చూసుకున్నాం. మోచేతి మడతలో పెట్టుకోమన్నాను. వేలు చాచింది. ట్రిగ్గర్ రెండు వేళ్ళ మందం అవతల ఉండిపోయింది.

"కోద్దాం" అన్నాను.

"వద్దులే సార్, మీకు మాటొస్తుంది. నేనే అలవాటు చేసుకుంటా."

నేను చెప్పిన మాటే నాకు తిరిగిచ్చింది. వెటకారం లేదు, నిజంగానే అంటోంది. అది ఇంకా కష్టంగా అనిపించింది.

మర్నాడు దరఖాస్తు రాశాను. స్టాక్ తగ్గించుటకు, చెంప ఆనే భాగం ఎత్తు చేయుటకు అనుమతి. రాయడానికి పది నిమిషాలు పట్టింది. ఆఫీసరు చదివి, "ఇంతకుముందే ఎందుకు అడగలేదు?" అని సంతకం పెట్టాడు. అదో అయిదు నిమిషాలు. మూడు వారాలకు పైగా నేను అడ్డం నిలబడ్డ పని పావుగంటలో అయిపోయింది.

కొయ్యడానికి మాత్రం గంట తీసుకున్నాను. ఇనుప భాగం విప్పి పక్కన పెట్టాను. చెక్క చిట్లకుండా గీత చుట్టూ టేపు అంటించాను. సన్నపళ్ళ రంపం. గీత మీద పెట్టి రెండుసార్లు తీసేశాను. అందుకని ముందు ఒక వేలి మందమే కోశాను. అమ్మాయి బోర్లా పడుకుని భుజానికి ఆనించి చూసింది.

"ఎలా ఉంది?"

"బాగానే ఉంది సార్."

"మొహమాటపడకు. చెక్కకి మొహమాటం తెలీదు."

"ఇంకా పొడుగ్గానే ఉందండి."

రెండో వేలి మందం కూడా కోశాను. ఈసారి రంపం ఒక్కసారే పెట్టాను. కోసిన ముక్కల్ని నున్నగా చేసి, రంధ్రాలు పెట్టి, వెనకుండే రబ్బరు పలకకి లోపల స్క్రూలతో బిగించుకునేలా తయారుచేశాను. రేపు పొడుగాటి మనిషి వస్తే ముక్కలు బిగిస్తే సరి, పాత పొడవు వచ్చేస్తుంది. ఒకసారి కోస్తే మళ్ళీ రాదని ఇరవై నాలుగేళ్ళు నమ్మినవాణ్ణి నేనే.

ఇక చెంప పని. ఆటల స్టోర్లో విరిగిన క్రికెట్ బ్యాటు దొరికింది. తేలిక కర్ర, ఉలికి వెన్నలా లొంగుతుంది. దాంతో అరచేయంత దిమ్మ చెక్కి, పైకీ కిందికీ జరిపేలా రెండు బోల్టులతో స్టాక్ మీద బిగించాను. పైన పల్చటి తోలు. ఎత్తు కుదరడానికి నాలుగు రోజులు పట్టింది. రోజూ రెండింటికి అదే తంతు.

"కళ్ళు మూసుకో. చెంప పెట్టు. మెడ వదిలెయ్. ఇప్పుడు తెరువు. వెనక సైటు చిల్లులోంచి ఏం కనపడుతోంది?"

"సగం చందమామ సార్."

కన్ను మధ్యకి రాకపోతే గురి చూసే ఆ చిల్లు నెలవంకలా కనపడుతుంది. అరగదీస్తాను, జరుపుతాను. మళ్ళీ పడుకుంటుంది.

"ముప్పావు."

నాలుగో రోజు కళ్ళు తెరిచింది. తల కదపలేదు. "నిండు చందమామ బాబాయ్" అంది. ఆ తర్వాత ఎవరూ లేనప్పుడు సార్ అనడం మానేసింది. నేనూ దిద్దలేదు.

ఆరో వారం ట్రయల్లో ఏడు పాయింట్లు పూడ్చింది. ఇంకా పదకొండు మిగిలాయి. ఉస్తాద్ నా గదికి వచ్చి స్టాక్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంచి పని. ఆలస్యమైన పని" అని వెళ్ళిపోయాడు. రెండూ నిజమే.

చివరి ట్రయల్ రోజు తొమ్మిది డిగ్రీలు. గాలి లేదు. ఆకాశం శుభ్రంగా ఉంది. వాకీటాకీ నా చేతికిచ్చాడు ఉస్తాద్.

"నాలుగు. పది. ఓవర్."

"నాలుగు. పది. ఓవర్."

కందకంలో ఉన్న జవానుకి మధ్యలో విసుగొచ్చింది. "నాలుగు. మళ్ళీ అదే. ఓవర్" అన్నాడు. నియమం ప్రకారం తప్పు. ఎవరూ మందలించలేదు. ఆఖరి పది గుళ్ళూ కాగితం నడిమధ్యన ఒకే చిల్లులోంచి పోయాయి. పదకొండూ ఇరవైకి ఫైరింగ్ ఆపారు. రైఫిళ్ళు ఖాళీ చేసి, బోల్టులు తెరిచి కింద పెట్టారు. అమ్మాయిలు కాగితాలు తెచ్చుకోవడానికి టార్గెట్ల వైపు నడిచారు.

ఉస్తాద్ కాగితం మీద కూడి, మళ్ళీ కూడి, నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు. "తొమ్మిది పూడ్చింది. రెండు తక్కువ." నా భుజం మీద చెయ్యి వేసి తీసేశాడు.

రెండు పాయింట్లు. ఆ పద్దెనిమిదిలో రెండు. రెండో రోజు మూడుంపావుకి తను అడిగినప్పుడే నేను రంపం తీసుంటే ఆ రెండూ ఉండేవి. దీనికి నాకు వేరే లెక్క అక్కర్లేదు.

మర్నాడు ఏడున్నరకి ట్రక్కులో వెళ్ళిపోయింది. "తప్పు నాదమ్మా" అన్నాను. "మా యూనిట్లో నన్నెవరూ కొలవను కూడా కొలవలేదు. మీరు కొలిచారు బాబాయ్" అంది. ఓదార్చడానికే అంది. నాకు ఓదార్పు కలగలేదు. ఆ రైఫిల్ని రిజిస్టర్లో రాసి అప్పజెప్పి, నాలుగు నెలలకి రిటైరై ఇంటికి వచ్చాను. విజయవాడలో రైలు దిగి తిరువూరు బస్సెక్కితే మామిడి తోటలు కాయలతో ఉన్నాయి. ఎండ బాగానే ఉంది. మా ఆవిడ పెట్టెలు లెక్కపెట్టుకుంది. అందరూ ఆరోగ్యంగా ఉన్నారు.

ఇప్పుడు విస్సన్నపేట దారిలో మాకున్న తోట చూసుకుంటున్నాను. రోజులు ప్రశాంతంగానే గడుస్తున్నాయి. కానీ ఏ పనిలో ఉన్నా ఆ పదకొండూ ఇరవై తర్వాతి నిమిషం కళ్ళ ముందుకొస్తుంది. ఉస్తాద్ మాట నా చెవిలో పడింది. ఆ అమ్మాయికింకా తెలియదు. టార్గెట్ దగ్గర నుంచి కాగితం ఊపుకుంటూ వచ్చింది. నాకు నాలుగడుగుల దూరంలో ఆగింది. కాగితాన్ని మొహానికి అడ్డం పెట్టుకుని ఆ ఒక్క చిల్లులో కన్ను పెట్టి నన్ను చూసింది.

"సరిపోయిందా బాబాయ్?"

కాగితం వెనక నవ్వు వినపడుతోంది. ఆ కన్ను నా మాట కోసం చూస్తూనే ఉంది.