వస్త అన్న మాట

తాండూరులో ఓ అద్దెగది. అందులో కూర్చొని ప్రియదర్శిని రోజంతా చేసేది ఉత్తుత్తి మనుషుల్లా మాట్లాడడమే. బండి బుక్ చేసుకునే యాప్‌లో ప్రయాణికుల తెలుగు సందేశాలు చదివి జవాబిచ్చే వెబ్‌అసెంబ్లీ ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంది. అసలు ప్రయాణికుల దాకా అది పోకముందే, ఆమె నల్లతెర మీద కమాండ్ కొట్టి, వాళ్లు పంపినట్టే ఉత్తుత్తి రిక్వెస్టులు పంపి జవాబులు సరిచూడాలి.

ఆ మధ్యాహ్నం "ఇగ వస్త" అని పంపింది.

"స్వాగతం! ఎక్కడికి వెళ్లాలి?" అంది ప్లగిన్.

"సెలవు తీస్కునేటోనికి స్వాగతమా? ఇంట్లకెల్లి పోయేటోడు ఎవడన్న పోత అంటడా? నీకు ఇల్లూ వాకిలీ లేదా?" అని తెరను తిట్టింది. ప్లగిన్ రాసినవాళ్లకు చెప్తే సరిచేశామన్నారు. మళ్లీ పంపింది. మళ్లీ స్వాగతమే. కళ్లు మండాయి, మెడ పట్టేసింది. ఇంకోసారి పంపింది.

నాపరాళ్లకు పాలిష్ పట్టే తండ్రి యాకోబు, పని మధ్యలో అన్నం డబ్బా తెచ్చి ఆమె వెనక మంచం మీద చాలాసేపటి నుంచి కూర్చున్నాడు. బిడ్డ ఇటు తిరుగుతుందేమోనని చూసి చూసి లేచాడు.

"వస్త బిడ్డా."

"రా నాయినా, కూసో," అంది ప్రియదర్శిని, తెర మీంచి కళ్లు తిప్పకుండానే.

కాసేపటికి తిరిగి చూస్తే మంచం మీద డబ్బా ఉంది. పక్కన దుప్పటి మీద, ఆయన కూర్చున్నంత మేర, రాతిపొడి ఉంది.