పైన పొడి

మా వదిన చెంపతో తడి పట్టేది. పడవ సీట్ల మీద పరిచే మెత్తలను ఎండబెట్టాక, ఒక్కొక్కదాన్నీ చంటిపిల్లలా ఎత్తి చెంపకు ఆనించుకునేది. "చేతులు పొద్దస్తమానం నీళ్లలో నానుతుంటాయి మరిదిగారూ, వాటి మాట నమ్మలేం. చెంపకైతే ఇట్టే తెలిసిపోతుంది" అనేది. పడవ ఎక్కడానికి వచ్చినవాళ్లు చూసి నవ్వుకునేవాళ్లు. ఆమెకు పట్టేది కాదు. పడవ దిగినవాళ్లు వెనక తడి మరకతో ఇంటికి పోకూడదు, అదొక్కటే ఆమె పట్టుదల. అలా ఇరవై రెండేళ్లు, ముప్ఫై ఆరు మెత్తలు.

వదిన అంటే మా ఆవిడకు అక్క. రేవులో టికెట్లు ఇచ్చే ఉద్యోగం నాకు ఇప్పించింది ఆమే. పని పోయి ఏడాదిగా ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్న నన్ను యజమాని ముందు నిలబెట్టి, "మా మరిదండీ. లెక్కల్లో దిట్ట, నోట్లో నాలుక లేని మనిషి" అని చెప్పింది. మొదటిది అబద్ధం. రెండోది ఎంత నిజమో ఆమెకు తర్వాత తెలిసొచ్చింది.

మెత్త అసలు తడవకుండా చూడటం ఎవరి వల్లా కాదని ఆమె నమ్మకం. వాన, అలల తుంపర, ఈత కొట్టొచ్చి అదే ఒంటితో కూర్చునే పిల్లలు, తెల్లవారుజామున కురిసే మంచు. నీళ్లు సూది కన్నంలోంచి కూడా దూరతాయి. అందుకని దారానికి మైనం పట్టించి కుట్టేది. జిప్పు వెనక వైపుకు వేసేది. దూరిన నీళ్లు కారిపోవడానికి మెత్త అడుగున నాలుగు కన్నాలు పొడిచి ఇత్తడి రింగులు బిగించేది. సాయంత్రం ఆఖరి పడవ రాగానే మెత్తలన్నీ షెడ్డులోకి మోసి, మోకాలితో నొక్కి నీళ్లు కార్చి, అంచు మీద నిలబెట్టేది. "పడుకోబెడితే వీటికి రోగం వస్తుంది. మా చెల్లెలు మీకు రోజూ చెప్పేది కూడా అదేగా?" అనేది. నన్ను ఆటపట్టించడానికి ఆమెకు ఏదో ఒకటి దొరికేది.

భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. షెడ్డు వెనకున్న ఒంటిగది ఉద్యోగంతో పాటు ఇచ్చారు. అందులో ఒక స్టవ్వు, కుట్టుమిషను, పనికిరాని స్పాంజి ముక్కలు ఏరి తనే కుట్టుకున్న పరుపు. ఉద్యోగం పోతే గది కూడా పోతుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరం పైకి అనేవాళ్లం కాదు.

పోయినేడు కొత్త మేనేజరు వచ్చాడు. చెడ్డవాడు కాదు, ఎవరి మాటా చెవిన వేసుకోడు, అంతే. మెత్తల కన్నాలు మూయించాడు, కుట్ల మీద పట్టీ అతికించాడు, వాటిని సీటు చెక్కలకు మరలతో బిగించేశాడు.

"నీళ్లు లోపలికి పోయే దారే లేదు. ఇంకెలా తడుస్తాయి?" అన్నాడు.

"ఎలాగోలా పోతాయండీ. పోయినవి బయటికి రావాలి కదా? రాకపోతే మెత్త కుళ్లిపోతుంది, కింద చెక్క కూడా కుళ్లిపోతుంది" అంది వదిన.

"మోత తప్పించానని సంతోషించక, ఏంటమ్మా ఇది?" అని నవ్వాడు. నేనూ పళ్లు ఇకిలించాను.

రోజూ పొద్దున ఆమె మెత్తలు చూసి చెప్పాలి, నేను రిజిస్టరులో రాయాలి, ఆమె సంతకం పెట్టాలి. అదీ కొత్త పద్ధతి. మొదటిరోజు ఆమె సీటు మీదికి వంగి చెంప ఆనించి, తర్వాత మోచేత్తో గట్టిగా నొక్కి, "పైన పొడి, లోపల తడి. అలాగే రాయండి" అంది. అలాగే రాశాను. మేనేజరు అది చూసి, "కథలు రాయకండి. పైన పొడిగా ఉందా లేదా?" అని అడిగాడు. ఉందన్నాను. "మరి అదే రాయండి" అన్నాడు.

మర్నాటి నుంచి 'పొడి' అని రాశాను. ఆమె మాత్రం రోజూ మొత్తం చెప్పేది. పైన పొడి, లోపల తడి. నేను తలూపేవాణ్ణి. మరిది రాశాక చూడటమెందుకని ఆమె పేజీ చూడకుండానే సంతకం గీకేది. నాలుగు నెలలు ఇలా గడిచింది. చెప్పేద్దామని చాలాసార్లు అనుకున్నాను. చెబితే వెళ్లి మేనేజరుతో గొడవపడుతుంది, మధ్యలో నా పేరు వస్తుంది. నా భయమంతా నా గురించే.

వానలు వెనకబట్టిన వారం, ఒక ముసలావిడ కూర్చోగానే సీటు చెక్క విరిగింది, ఆవిడ తుంటి విరిగింది. మెత్త కోసి చూస్తే స్పాంజి నల్లగా, ముక్కు బద్దలయ్యే కంపు. పిండితే చెంబెడు నీళ్లు. కింద చెక్కలోకి వేలు దిగిపోయింది. వదిన ఆ చెక్క పక్కనే కూలబడి ఏడ్చింది.

యజమాని గదిలో విచారణ జరిగింది. యజమాని రిజిస్టరు ఆమె ముందుకు తోశాడు.

"రోజూ పొడి అని సంతకం పెట్టారు కదమ్మా?"

ఆమె ఒక పేజీ తిప్పింది. ఇంకో పేజీ తిప్పింది. "లోపల తడి అని కూడా చెప్పానండీ. రోజూ చెప్పాను. మా మరిదిని అడగండి" అంది.

అందరూ నా వైపు చూశారు. మేనేజరు ఒక్కడే చూడలేదు.

"ఆవిడ చెప్పిందే రాశానండీ" అన్నాను.

వదిన కోప్పడుతుందనుకున్నాను, అదైనా భరించేవాణ్ణి. దారి తప్పినదానిలా నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. గది ఖాళీ చెయ్యడానికి రెండు రోజులు గడువిచ్చారు. మా ఇంటికి రమ్మని చెల్లెలు కాళ్లావేళ్లా పడ్డా ఒప్పుకోలేదు. "నా మతి సరిగ్గా లేదే, మీకెందుకు బరువు" అందట.

మూడో రోజు పొద్దున సంచీ ఒక చేత, చుట్టిన పరుపు ఒక చంకలో పెట్టుకుని నా టికెట్ల కిటికీ దగ్గరికి వచ్చింది. గది తాళంచెవి లోపలికి జరిపింది.

"మరిదిగారూ, రోజూ నేను మీతో ఏం చెప్పేదాన్ని?"

"పైన పొడి, లోపల తడి అని చెప్పేదానివి వదినా" అన్నాను.

"అమ్మయ్య, చెప్పానన్నమాట!" అంది. "రెండు రాత్రుల నుంచి ఒకటే ఆలోచన. నేనే ఉత్త పొడి అని చెప్పి మర్చిపోయానేమో, ఆ పెద్దావిడ నా మూలాన్నే పడిందేమో అని."

పరుపు సర్దుకుని మెట్లు దిగి వెళ్లింది. యజమాని గది తలుపు తెరిచే ఉంది, నా కుర్చీకి పది అడుగుల దూరం. కిటికీ ముందు నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్లకు టికెట్లు ఇచ్చాను.