పద్నాలుగు నిమిషాల ఆట, పద్దెనిమిది రోజుల విచారణ

2009 వేసవిలో నేను కాకినాడలో జిల్లా స్పెషల్ బ్రాంచి పాస్‌పోర్టు విభాగంలో సబ్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నాను. పేరుకి ఎస్సైనే గాని లాఠీ పట్టే పని కాదు. జిల్లాలో పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టుకున్న ప్రతి మనిషి కాగితమూ విశాఖపట్నం నుంచి మా ఆఫీసుకి వచ్చేది. ఆ మనిషి చెప్పిన ఇంట్లోనే ఉంటున్నాడా, మీద కేసులేమైనా ఉన్నాయా అని విచారించి, ఇరుగుపొరుగు ఇద్దరి చేత సంతకాలు పెట్టించి, మూడు వారాల్లోగా రిపోర్టు పంపాలి. అభ్యంతరం ఉందని రాసేదాన్ని మేం అడ్వర్సు రిపోర్టు అనేవాళ్ళం. నా చేతి మీదుగా వెళ్ళినన్ని అడ్వర్సులు ఇంకెవరి చేతి మీదుగానూ వెళ్ళలేదని మా డీఎస్పీ గారు వెక్కిరించేవారు. నేను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకునేవాణ్ణి.

మే నెల మొదట్లో సత్యవేణి అనే అమ్మాయి ఫైలు నా బల్ల మీదకి వచ్చింది. ద్రాక్షారామం దగ్గర పల్లె. ఇరవయ్యేళ్ళు, డిగ్రీ రెండో సంవత్సరం. ఫైలుతో పాటు ఒక క్రీడా సంఘం రాసిన ఉత్తరం ఉంది. బ్యాంకాక్ దగ్గర జరిగే మహిళల రగ్బీ సెవెన్స్ పోటీలకి ఈ అమ్మాయి భారత జట్టుకి ఎంపికైందనీ, జూన్ మొదటి వారంలో ప్రయాణమనీ, పాస్‌పోర్టు అర్జెంటనీ సారాంశం. అర్జెంటు అన్న మాట కనిపిస్తే నా చెయ్యి దానంతటదే ఆగిపోతుంది. ఇక ఆడపిల్లలు, బ్యాంకాక్ అనేసరికి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను.

ఉత్తరంతో పాటు ఆట గురించి ఒక పేజీ జత చేశారు. అది చదివాక అనుమానం తగ్గకపోగా ఇంకా బలపడింది. రగ్బీ అంటే పదిహేనేసి మంది బండవాళ్ళు బురదలో పడి కొట్టుకునే ఆట అని ఎక్కడో ఫొటోలో చూశాను. ఇక్కడ జట్టుకి ఏడుగురట, రిజర్వులో ఐదుగురట. ఏడూ ఐదూ పన్నెండు, అది కబడ్డీ లెక్క. నేను పోలీసు జట్టులో ఎనిమిదేళ్ళు కబడ్డీ ఆడినవాణ్ణి, ఆ లెక్క నాకు నిద్రలో కూడా తెలుసు. ఎవడో కబడ్డీ జట్టు జాబితా తీసుకుని పైన పేరు మార్చేశాడనుకున్నాను. పైగా ఆట మొత్తం పద్నాలుగు నిమిషాలట, సగానికి ఏడు. పద్నాలుగు నిమిషాల ఆట కోసం విమానం ఎక్కించి దేశాలు తిప్పుతారా? మా మసీదు సెంటర్లో చేపల బేరం తెగడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది.

నా అనుమానానికి వెనక ఒక కారణం ఉంది. పదేళ్ళ క్రితం, ఈ విభాగానికి కొత్తగా వచ్చిన రోజుల్లో, ఒక కోలాటం బృందానికి అభ్యంతరం లేదని రాశాను. గల్ఫులో తెలుగువాళ్ళ పండగకి ప్రదర్శన అన్నారు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. ఎనిమిది మంది ఆడవాళ్ళు వెళ్ళారు, దిగిన రోజే వాళ్ళ పాస్‌పోర్టులు ఎవరో లాగేసుకుని తలా ఒక ఇంట్లో పనికి పెట్టారు. మూడేళ్ళకి వాళ్ళలో ఒకావిడ తిరిగొచ్చి, నా పేరు వాకబు చేసుకుంటూ ఆఫీసుకి వచ్చింది. "మీరు చూసే గదండీ సంతకం పెట్టింది?" అని అడిగింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ రోజు నుంచి ఆడవాళ్ళ బృందం అని ఏ కాగితం మీద కనిపించినా నేను దాన్ని తేలిగ్గా వదల్లేదు.

మూడో రోజున సత్యవేణి ఇంటికి వెళ్ళాను. దాళ్వా వరి కోతలైపోయి చేలన్నీ ఎండిపోయి ఉన్నాయి. తండ్రి కౌలు రైతు, మంచం వాల్చి కూర్చోబెట్టాడు. మీ అమ్మాయి ఏం ఆట ఆడుతుందండీ అని అడిగాను.

"ఆయ్, కబడ్డీ అండి. చిన్నప్పట్నుంచీ అదేనండి."

నేను కాగితం కేసి చూశాను. దాని మీద రగ్బీ అని ఉంది. అమ్మాయి గుమ్మంలో నిలబడి తల వంచుకుంది. మోచేతుల దగ్గర కమిలిన మచ్చలున్నాయి. అవేంటమ్మా అంటే, ఆటలో తగిలినవేనండి అంది. ఏ ఆటలో అని నేను అడగబోతుంటే తండ్రే అందుకుని, కబడ్డీలో మామూలే గదండీ అన్నాడు. అమ్మాయి జీపు దాకా నా వెనకే వచ్చి, జూన్ లోపు పాస్‌పోర్టు వస్తుందా అండి, రాకపోతే ఇంకొకరిని తీసుకుంటామన్నారండి, అని మాత్రం అడిగింది. అంత తొందరేంటో నాకు అర్థం కాలేదు. ఎవరో బాగా నేర్పి పంపారనుకున్నాను.

అక్కడి నుంచి పద్ధతి ప్రకారం నడిచాను. సంఘం వారి చిరునామాకి రిజిస్టర్డ్ ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. ఫోను మోగి మోగి ఆగిపోయేది. నాకు తెలిసిన క్రీడాశాఖ గుమస్తా ఒకాయన, మా ఆటల జాబితాలో అలాంటిది లేదండీ అని చెప్పాడు. అమ్మాయి కాలేజీకి రాశాను. సెలవులు గదా, వాచ్‌మన్ ఉత్తరం తీసుకుని సంతకం పెట్టాడు. జవాబు రాని ప్రతి ఉత్తరం నకలూ ఫైల్లో పెట్టి, సాక్ష్యం పోగవుతోందని సంబరపడ్డాను. పదిహేడు రోజులు గడిచేసరికి ఫైలు రెండు వేళ్ళ మందాన తయారైంది. అడ్వర్సు రిపోర్టు చిత్తుప్రతి కూడా రాసి పెట్టుకున్నాను.

పద్దెనిమిదో రోజు పొద్దున్న రాంబాబు మాస్టారు అనే వ్యాయామ ఉపాధ్యాయుడు ఆఫీసుకి వచ్చాడు. సత్యవేణికి ఆట నేర్పింది ఈయనే. నలభై ఏళ్ళ మనిషి, మెళ్ళో విజిలు. ఎందుకు ఆపేశారండీ అని నెమ్మదిగానే అడిగాడు. తండ్రి కబడ్డీ అంటున్నాడు, కాగితం రగ్బీ అంటోంది, ఏది నిజం అని నిలదీశాను.

"రగ్బీ అంటే ఏం ఆట, ఎవరు ఆడతారు, ఎందుకు అని ఇంట్లో వంద అడుగుతారండి. కబడ్డీ అంటే ఎవరూ ఏమీ అడగరు. అందుకని ఆ పిల్ల అలా చెప్పుకుందండి."

అయితే ఆ ఆటేదో నాకు చూపించండి అన్నాను. ఆయన నా మొహం కేసి విచిత్రంగా చూశాడు. "రోజూ సాయంత్రం ఆడుతూనే ఉన్నామండి. ఆ పిల్ల కూడా ఊరి నుంచి బస్సులో వస్తోందండి. మీ ఆఫీసు నుంచి స్కూటర్ మీద పది నిమిషాలు," అన్నాడు.

ఆ సాయంత్రం వెళ్ళాను. పద్నాలుగు మంది అమ్మాయిలు, ఏడుగురు ఇటు, ఏడుగురు అటు. మైదానం మటుకు పదిహేను మందికి సరిపోయేంతది. అంత స్థలంలో ఏడుగురే ఉంటే దాక్కోవడానికి చోటుండదు. ఒకరు తప్పిపోయారంటే వెనక ఆదుకునేవాళ్ళు లేరు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకలో ఇరికించుకుని ఒక పొడుగాటి పిల్ల గీత వెంబడి దూసుకొస్తుంటే, సత్యవేణి పక్క నుంచి వెళ్ళి తొడల దగ్గర భుజం ఆనించి రెండు చేతులూ బిగించింది. ఇద్దరూ దబ్బున పడ్డారు. ఆ పట్టు నాకు తెలుసు, మన కబడ్డీ పట్టే. కాని మా ఆటలో పట్టుకున్నాక ఊపిరి అయిపోయేదాకా వదలం. ఈ పిల్ల మాత్రం పడేసిన మరుక్షణం వదిలేసి లేచి నిలబడింది.

ఎందుకు వదిలేశావమ్మా అని తర్వాత అడిగితే, పడేశాక పట్టుకునే ఉంటే తప్పండి, అవతలి వాళ్ళకి బంతి ఇచ్చేస్తారండి అంది. ఇంకో సంగతి కూడా చెప్పింది. ఈ ఆటలో బంతిని చేత్తో ముందుకి విసరకూడదు, వెనకున్న వాళ్ళకే అందించాలి. ముందుకి వెళ్ళాలంటే మాత్రం పరిగెత్తాల్సిందే. పద్నాలుగు నిమిషాలూ అయ్యేసరికి అందరూ మట్టిలో వెల్లకిలా పడి రొప్పుతున్నారు. ఇంకో పద్నాలుగు ఆడమంటే ఎవరి వల్లా కాదని నాకే తెలిసిపోయింది.

మాస్టారు నన్ను తన బడిలో ఉన్న కంప్యూటర్ దగ్గరికి తీసుకెళ్ళి ఒక సీడీ వేశాడు. విదేశాల్లో ఒక పోటీ. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మ్యాచ్ వెంట మ్యాచ్, స్టేడియం నిండా తిరణాలలాగా జనం. మ్యాప్‌లో వెతికితే గాని కనిపించని దీవుల వాళ్ళు పెద్ద పెద్ద దేశాల్ని పరిగెత్తించి ఓడిస్తున్నారు. పదిహేను మంది భారీ మనుషుల్ని తయారు చెయ్యాలంటే డబ్బున్న దేశాలకే చెల్లుతుందనీ, పరిగెత్తగల ఏడుగురు మాత్రం ఏ పల్లెలోనైనా దొరుకుతారనీ, అందుకే ఈ ఆట అన్ని దేశాలకీ పాకుతోందనీ ఆయన చెప్పాడు. నోట్‌బుక్ తెరిచి పెట్టుకుని కూడా నేను ఒక్క ముక్క రాసుకోలేదు. ఆ ఏడాది చివర్లో ఈ ఆటని ఒలింపిక్స్‌లో చేర్చారని పేపర్లో చూసినప్పుడు నాకు ఆశ్చర్యం వెయ్యలేదు.

మర్నాడే అభ్యంతరం లేదని రిపోర్టు రాసి మనిషి చేత పంపాను. రూలు ప్రకారం గడువు లోపలే పంపినట్టు. కాని విశాఖపట్నంలో వరస ఉంటుంది, అచ్చు ఉంటుంది, పోస్టు ఉంటుంది. పాస్‌పోర్టు సత్యవేణి చేతికి అందేసరికి జట్టు వెళ్ళి నాలుగు రోజులైంది. ఆమె చోట్లో ఇంకెవరో వెళ్ళారు.

దరఖాస్తుదారు ఇంటికి రెండోసారి వెళ్ళే పద్ధతి మాకు లేదు. అయినా వెళ్ళాను. తండ్రికి అప్పటికి ఆట సంగతి తెలిసిపోయింది, కూతురి బంతిని అటూ ఇటూ తిప్పి చూస్తూ, ఇదేం బంతండీ, ఎటు దొర్లుతుందో దానికే తెలీదు, అన్నాడు. నేను సత్యవేణికి కోలాటం బృందం కథ చెప్పాను. ఎందుకు ఆలస్యం చేశానో ఆమెకి తెలియాలనిపించింది. మొత్తం విని, "మీరు అనుమానపడటం తప్పనట్లేదండి. మొదటి రోజే గ్రౌండుకి వచ్చుంటే సరిపోయేది గదండీ," అంది. సిగ్గేసింది.

పాస్‌పోర్టు చేతిలో ఉంది గనక మరుసటేడు జట్టుతో వెళ్ళింది. ఆ తర్వాత మోకాలు దెబ్బ తిని ఆట మానేసింది. ఇప్పుడు పెద్దాపురంలో వ్యాయామ ఉపాధ్యాయురాలు.

నేను రిటైరయ్యే ఏడాది ఇంకో ఉత్తరం వచ్చింది. మళ్ళీ సెవెన్స్ జట్టే, మళ్ళీ అమ్మాయిలే, మళ్ళీ అర్జెంటే. ఈసారి ఎవరికీ ఉత్తరం రాయలేదు. మొదటి రోజు సాయంత్రమే అందరినీ గ్రౌండుకి రమ్మని, బంతి చేతికిచ్చి ఆడమన్నాను. మొదటి పిల్ల బంతి అందుకుని ముందున్న పిల్లకి విసిరింది. ఆ పిల్ల ఇంకా ముందున్న పిల్లకి విసిరింది. మేనేజరునని చెప్పుకున్నాయన పక్కన నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆ అమ్మాయిల్లో ఇద్దరు నన్ను పక్కకి పిలిచి, ఉద్యోగాలిప్పిస్తామన్నారండీ అని మెల్లగా చెప్పారు. చీకటి పడకముందే అడ్వర్సు రిపోర్టు రాసేశాను, ఆ మేనేజరు మీద కేసు కూడా నడిచింది.

నా ఉద్యోగానికి అనుమానం కావాలి. సత్యవేణి ఫైలుని అనుమానంతో పట్టుకున్నందుకు నాకు పశ్చాత్తాపం లేదు. పద్దెనిమిది రోజులు వదలకుండా పట్టుకున్నందుకు ఉంది.