ఆ రాత్రి ఎవరికి వేడినీళ్ళు పెట్టాను

ముందే చెబుతున్నాను... ఇది కల్పించింది కాదు. కల్పించేదాన్నయితే ఇంతకంటే బాగా కల్పించేదాన్ని. మా ఆయన మీద ఒట్టు పెడదామంటే, ఆ మనిషి మీద అప్పటికే పడాల్సినవన్నీ పడ్డాయి. కాబట్టి నా డిగ్రీ మీద ఒట్టు. కెమిస్ట్రీ చదివాను. దెయ్యాల కథలు చెప్పేవాళ్ళని ప్రశ్నలడిగి అడిగి మధ్యలోనే లేపి పంపేసిన చరిత్ర నాది.

కొన్నేళ్ళ కిందటి మాట. అప్పట్లో రాయపూర్ అవతల ధర్సీవా దగ్గర ఒక వరస ఇళ్ళలో ఉండేవాళ్ళం. మా ఆయనది సిల్తారాలో స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ, షిఫ్టు డ్యూటీ. అక్కడ చీకటి పడితే మసి రాలుతుంది. సాయంత్రం తుడిచిన అరుగు మీద తెల్లారి కాలు పెడితే పాదం నల్లగా అయిపోతుంది.

పద్దెనిమిదేళ్ళుగా ఆయన ఇంటికొచ్చే తీరు ఒకటే. మెట్టు అంచుకి బూట్లు కొట్టి దులుపుతారు. ఎడమది రెండుసార్లు, కుడిది ఒకసారి. టక్ టక్... టక్. నేను లేచి తలుపు తీసి, ఒక తిట్టు తిట్టి, బకెట్లో వేడినీళ్ళ రాడ్డు పెడతాను. ఆయన నేరుగా స్నానానికి వెళ్తారు. ఎడమదానికి రెండు దెబ్బలెందుకని ఒకసారి అడిగాను.

"కుడిది బుద్ధిమంతురాలే. ఎడమది నీలాంటిది, రెండుసార్లు చెప్పాల" అన్నారు.

ఆ ఏడు ఆయన మెడ దగ్గర గడ్డ లేచింది. పరీక్షలు చేసి లింఫ్ గ్రంథుల క్యాన్సర్ అన్నారు. ఆరు విడతల కీమో. డ్యూటీ బంద్. ఆ బూట్లు కడిగి, గోనెసంచిలో మూటకట్టి, అటక మీద పడేశాను.

డాక్టరమ్మ నాకు ఒకే మాట పదిసార్లు చెప్పింది. కీమో అయిన వారం పది రోజులకి తెల్లకణాలు అడుగంటుతాయి. అప్పుడు జ్వరమొస్తే తెల్లారేదాకా ఆగొద్దు, ఏ వేళయినా తీసుకురండి. జ్వరం చూడకుండా మాత్ర వెయ్యొద్దు. ఆ మాటలు కాగితం మీద రాసి గోడకి అంటించాను. తెలుగులో ఒకటి. 'కనబళ్ళేదు' అంటారేమోనని హిందీలో ఇంకొకటి.

మూడో విడత అయ్యాక పదో రోజది. చలికాలం. ఆయనకి నోరంతా పుండ్లు. పల్చటి పెసరకట్టు చెంచాతో పట్టాను.

"ఇందులో ఉప్పేదే?"

"ఉప్పుంది. మీ నాలిక్కే రుచి లేదు."

"నాకు నాలిక పోయినా నీ నోరు తగ్గదు కదా."

"నా నోటికి కీమో ఇవ్వలేదు."

నవ్వారు. నవ్వితే పుండ్లు లాగి మొహం చిట్లించుకున్నారు. నాకు ఆ పూటకి ఆ నవ్వు చాలు. పది గంటలకి థర్మామీటరు పెట్టాను. తొంభై తొమ్మిది. హమ్మయ్య అనుకున్నాను. అరుగూ మెట్టూ తడిగుడ్డతో తుడిచాను. నాకు కాస్త జలుబు చేసింది, ఆయనకి అంటుతుందని ముందుగదిలో చాప వేసుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ రాత్రి సంతోషంగానే నిద్రపోయాను.

తర్వాత...

టక్ టక్.

కాస్త ఆగి... టక్.

లేచాను. భయం లేదు, అనుమానం లేదు. పద్దెనిమిదేళ్ళ అలవాటు కాళ్ళలో ఉంటుంది, తలలో కాదు. గడియ తీశాను. చలిగాలి కొట్టింది. మసి వాసన. కళ్ళు సగం మూసుకునే అన్నాను... "ఆ దుమ్మంతా లోపలికి తేకండి. నీళ్ళు పెడతాను, రండి."

రండి అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

పక్కకి జరిగి దారి కూడా ఇచ్చాను. స్నానాలగదిలోకి వెళ్ళాను. బకెట్ నింపాను. రాడ్డు పెట్టి స్విచ్చి వేశాను. నీళ్ళలో సన్నగా 'జుయ్' మని మొదలైంది. తువ్వాలు కోసం లోపలి గదిలోకి వెళ్ళాను. అక్కడ జీరో బల్బు వెలుగుతోంది.

మంచం మీద...

మా ఆయన పడుకుని ఉన్నారు.

ఉన్ని టోపీ. గోడవైపు తిరిగి. కాళ్ళు ముడుచుకుని.

నా చేతిలో తువ్వాలు. వెనక స్నానాలగదిలో ఆ జుయ్ మనే చప్పుడు. ముందుగదిలో బార్లా తెరిచిన తలుపు. అప్పటిదాకా తలకెక్కనిది అప్పుడు ఎక్కింది. ఈయన డ్యూటీకి వెళ్ళి మూడు నెలలు దాటింది. మరి నేను దారి ఇచ్చింది ఎవరికి?

వెనక్కి తిరగలేకపోయాను. ఎదురుగా ఉన్న ఎవరితోనైనా వాదిస్తాను. వీపు వెనక ఉన్నదానితో ఏం వాదిస్తాం... భయంతో ఆయన చెయ్యి పట్టుకున్నాను.

ఒళ్ళు కాలిపోతోంది.

థర్మామీటరు నూటమూడు చూపించింది. "ఏవండీ, ఏవండీ" అని కుదిపాను. కళ్ళు తెరవలేదు. గొణిగారు.

"ఇప్పుడే వచ్చానే... నీళ్ళు పెట్టావా?"

ఇక దేనికి భయపడాలో తేల్చుకునే టైము కూడా నాకు లేదు. పక్కింటి సాహూ భయ్యాకి వ్యాను ఉంది. వాళ్ళ తలుపు బాదాను. మఫ్లరు చుట్టుకుంటూ వచ్చి, "ఘబ్రాయియే మత్ దీదీ, మై హూఁ నా" అని, కంగారు పడొద్దు నేనున్నానని ధైర్యం చెప్పి, మా ఆయన్ని పసిపిల్లాడిలా ఎత్తుకున్నాడు. నేను టార్చి పట్టుకుని ముందు నడిచాను. మెట్టు మీద వెలుగు పడింది.

మెట్టు అంచున రెండు చిన్న మసి కుప్పలు. ఎడమవైపుది కాస్త పెద్దది. కుడివైపుది చిన్నది.

నేను తుడిచిన మెట్టు అది. అరుగు మీద సన్నటి మసి పొర... దాని మీద నా వట్టికాళ్ళవీ, భయ్యా చెప్పులవీ తప్ప ఒక్క బూటు జాడ లేదు.

"భయ్యా, యే క్యా హై?"

"ధూల్ హై దీదీ. చలియే." దుమ్మేనట, పదమన్నాడు.

తాళం వేసి వ్యాను ఎక్కాను. ఆయన తల నా ఒళ్ళో. సిల్తారా దాటుతుంటే ఫ్యాక్టరీల మంటలు ఎర్రగా అద్దం మీద పడుతున్నాయి. సెల్‌ఫోన్‌లో టైము చూశాను. పది తక్కువ మూడు. అంటే ఆ చప్పుడు విన్నది ఇంచుమించు రెండున్నరకి. సెకండ్ షిఫ్టు వాళ్ళు పదిన్నరకల్లా ఇల్లు చేరతారు. నైట్ షిఫ్టు దిగేది ఆరింటికి. ఆ వరస ఇళ్ళలో రెండున్నరకి బూట్లు దులిపే మనిషి ఎవడూ లేడు.

రాయపూర్ ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు రక్తం తీయించి, సెలైన్ పెట్టి, మందు ఎక్కించింది. "ఎలా కనిపెట్టారమ్మా? పొద్దున్నదాకా ఆగి ఉంటే..." అంది. చెయ్యి పట్టుకుంటే తెలిసిందన్నాను. ఆ చప్పుడు గురించి ఏం చెప్పను?

రెండోరోజుకి మా ఆయనకి తెలివొచ్చింది. అసలు సంగతి అప్పుడు బయటపడింది. ఆ రాత్రి తొమ్మిదింటికే ఒళ్ళు వెచ్చబడిందట. నాకు తెలియకుండా జ్వరం మాత్ర మింగేశారు. పదింటికి నేను చూసిన తొంభై తొమ్మిది ఆ మాత్రది.

"ఎందుకు మింగారు?"

"జ్వరం కనబడితే రాత్రికి రాత్రి పరిగెడతావు. నీకూ ఒంట్లో బాగోలేదు. ఒక్క రాత్రి పడుకుంటావనీ..."

"నన్ను పడుకోబెట్టడానికి మీరు పోతారా?"

వార్డంతా వినేలా తిట్టాను. నర్సు వచ్చి తెర లాగేసి పోయింది. తెర వెనక ఆయన నా చెయ్యి వదల్లేదు. నేనూ తిట్టడం ఆపలేదు.

ఆరో రోజు ఇంటికొచ్చాం. తాళం తీస్తుంటే గుర్తొచ్చింది... రాడ్డు. ఆ రాత్రి స్విచ్చి తీయలేదు. నీళ్ళు ఇగిరిపోయి, బకెట్ కరిగి, ఇల్లు ఏమైందో అని పరిగెత్తాను.

ఏమీ కాలేదు. ప్లగ్గు తీసి ఉంది. రాడ్డు మేకుకి వేలాడుతోంది. బకెట్ ఖాళీ చేసి... బోర్లించి ఉంది.

తాళంచెవి ఆ ఆరు రోజులూ నా బ్యాగులోనే ఉంది. ఆ ఇంటికి ఇంకో తాళంచెవి లేదు.

"కంగారులో నువ్వే తీసుంటావు. గుర్తులేదు, అంతే" అంటారు మా ఆయన. బూట్లు దులిపిందెవరంటే, ఎవరో తాగుబోతు ఇల్లు పొరబడ్డాడంటారు. సాహూ భయ్యా భార్య, భాభీ మాత్రం మా ఆయన ఆత్మే వచ్చి నన్ను లేపిందంటుంది. ఆత్మకి బూట్లెక్కడివని అడిగాను. ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. అటకెక్కి చూశాను. మూట కట్టినట్టే ఉంది. విప్పలేదు. ఎందుకు విప్పలేదని మాత్రం అడగొద్దు.

ప్లగ్గు నేనే తీశానంటే సరే, ఒప్పుకుంటాను. కానీ బకెట్ నా జన్మలో బోర్లించలేదు. పెళ్ళయినప్పట్నించీ మాకు ఉన్న తగువే అది. స్నానం చేసి బకెట్ బోర్లించేది ఆయన. మర్నాడు తిట్టుకుంటూ తిరగేసేది నేను.

ఇప్పుడు రాయపూర్‌లోనే మోవాలో ఉంటున్నాం. ఆరు విడతలూ అయ్యాయి. గడ్డ మళ్ళీ రాలేదు. జుట్టు వచ్చింది, మునుపటికంటే ఒత్తుగా. ఆయనకి పగటి డ్యూటీ ఇచ్చారు, సాయంత్రం ఏడింటికల్లా వస్తారు. కొత్త బూట్లు, పాత అలవాటు. నేను లేస్తాను. తిట్టు సిద్ధంగానే ఉంటుంది, నీళ్ళూ సిద్ధంగానే ఉంటాయి. ఆ రాత్రి వచ్చిందెవరైనా, అలిసిపోయి వచ్చారు, వేడినీళ్ళు పోసుకున్నారు అనుకుంటాను. అంతకుమించి నాకు తెలీదు.

ఒక్కటి మాత్రం మారింది. టక్ టక్... టక్ వినబడగానే నేను తలుపు దగ్గరికి వెళ్ళను. ముందు లోపలి గదిలోకి వెళ్ళి, మంచం ఖాళీగా ఉందో లేదో చూస్తాను.

ఖాళీగా ఉంటేనే... గడియ తీస్తాను.