చిలక కడుపులో బాల్

ఇవాళ పొద్దున వరండాలో మా బొచ్చు కుక్క మెడ ముందుకు చాచి, ఒళ్ళంతా కుదించి, 'ఖక్, ఖక్' మంది. ఏమీ పడలేదు. నా ముక్కుకు మాత్రం ఉన్నట్టుండి తునికాకు, పొగాకు, చెరుకు మడ్డి కలిసిన వాసన తగిలింది. నిజామాబాదులో మేముండే వీధికి ఆ వాసన వచ్చే దారి లేదు. అది తొంభైల నాటి, చక్కెర ఫ్యాక్టరీ నడిచే రోజుల బోధన్ వాసన. ఇంకొంచెం సరిగ్గా చెప్పాలంటే, నర్సవ్వ వాకిలి వాసన.

నర్సవ్వ అప్పట్లో మా పక్కింటావిడ. ఒక్కతే ఉండేది. ఒళ్ళో చాట పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టేది. నేను బీఏ పూర్తి చేసి, దానితో ఏం చేయాలో తోచక, ఆమె అరుగు మీద కూర్చునే పనిలో ఉండేవాణ్ణి. మా ఇద్దరికీ తోడు ఒక తెల్ల బొచ్చు కుక్క. ఎవరో ఆఫీసరు బదిలీ మీద పోతూ ఆమెకు వదిలి వెళ్ళాడు. ఆయన పెట్టిన పేరు సిల్కీ. నర్సవ్వ నోట్లో అది మొదటి రోజే చిలక అయింది. కుక్క అభ్యంతరం చెప్పలేదు. బీడీలు చుడుతున్నంతసేపూ ఆమె దానితో ధరల గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ, నా భవిష్యత్తు గురించీ మాట్లాడేది. మూడో విషయం రాగానే అది ఆవలించేది.

ఒక ఎండాకాలం చిలక తన ఒళ్ళు తానే నాక్కోవడం మొదలుపెట్టింది. నాకి నాకి, చివరికి దగ్గు పట్టింది. తర్వాత తిండి మానేసింది. పొగాకు ఘాటన్నారు కొందరు, దిష్టన్నారు ఇంకొందరు. మర్నాడు కూడా అన్నం ముట్టకపోయేసరికి నర్సవ్వ చాట పక్కన పెట్టి, దాన్ని కొంగులో చుట్టుకుని లేచింది. చదువుకున్నవాణ్ణి కాబట్టి వెంట నేనూ వెళ్ళాను.

పశువుల దవాఖాన డాక్టరు కోస్తా మనిషి. ఉర్దూ నేర్చుకుంటున్న ఉత్సాహంలో మాట మధ్యలో ఒక ఉర్దూ ముక్క, ఒక ఇంగ్లీషు ముక్క వేసేవాడు.

"పేరేంటి?" అన్నాడు కలం తీసి.

"చిలక," అంది నర్సవ్వ.

కలం ఆగింది. "అమ్మా, ఇది కుక్క."

"నాకెరికే సారూ. గందుకే గద నీ తాన్కి తెచ్చిన."

ఆయన పొట్ట నొక్కి చూశాడు, నోరు తెరిచి చూశాడు, ఏదో మందు పోశాడు. "కడుపులో బాల్ ఉంది. రేపటికి బయటికి రాకపోతే నిజామాబాద్ తీసుకెళ్ళి కోయించాల్సి వస్తుంది," అన్నాడు. అంతలో ఈనలేక అవస్థ పడుతున్న బర్రెను ఎవరో తోలుకొచ్చారు. డాక్టరు అటు పరుగెత్తాడు. మేం బయటికి వచ్చేశాం.

దారిలో నర్సవ్వ అడిగింది: "కోస్తే బత్కుతదా?"

"బతుకుతుంది," అన్నాను, ఆ శాస్త్రంలో నాకున్న పరిజ్ఞానమంతా కూడగట్టుకుని.

"ఇది పోతే నేనెవ్వలతోని మాట్లాడాలె? నీతోనా?"

ఆమె హాస్యానికి అనలేదు.

ఇల్లు చేరగానే ఎవరి పనిలో వాళ్ళం పడ్డాం. ఎవరి బాలో, రబ్బరుదో, కార్కుదో తెలిస్తే కోత ఎంత కష్టమో తెలుస్తుందని నేను ఇల్లిల్లూ తిరిగి, బాల్ ఎవరిదైనా పోయిందా అని అడిగాను. బాల్ పోని ఇల్లంటూ లేదు. ఒకాయన, దొరికితే అది తమదేనని ముందుగానే చెప్పి పెట్టుకున్నాడు. తిరిగి వచ్చేసరికి నర్సవ్వ వాకిట్లో చిలకను కాళ్ళ మధ్య పెట్టుకుని తన దువ్వెనతో దువ్వుతోంది.

"అవ్వా, కడుపులో బాల్ ఉంటే బొచ్చు దువ్వుతావేంటి?"

"ఉర్దూల బాల్ అంటే ఎంటికలే గద! బాల్ కటింగ్ చేయించుకొచ్చినవా అని నిన్ను అడుగుతలేరా? నాకి నాకి మింగింది. ఊడేదంతా నేనే తీస్తే ఇంక మింగనీకేముంటది?"

"ఆయన అన్నది ఇంగ్లీషు బాల్."

"నీతోని చెప్పిండా, ఇంగ్లీషుల అంటున్న అని?"

చెప్పలేదు. కాసేపు ఇద్దరం కుక్క వంక చూశాం. అదీ మా వంకే చూసింది.

"గా బాలైతేంది, గీ బాలైతేంది బీఏ సారూ," అంది చివరికి. "సమజ్ కాలేదని చేతులు కట్టుకొని కూసుంటమా? నువ్వు నీది దేవులాడు, నేను నాది తీస్త."

దువ్వెనకు చిక్కిన బొచ్చును ఆమె వేళ్ళ మధ్య ఉండగా చుట్టింది. ఆడవాళ్ళు తల దువ్వుకున్నాక చేసినట్టే, దాని మీద 'తూ, తూ' అని ఊసి, గోడవతల పారేసింది. దిష్టి తగలకుండా, ఎవరి చేతికీ చిక్కకుండా ఉండడానికి.

"కుక్కకు కూడా దిష్టి ఉంటుందా అవ్వా?"

"నీకే ఉన్నప్పుడు దానికుండదా?"

మర్నాడు పొద్దున చిలక గట్టిగా ఓకరించి, తడిసిన బీడీ కట్టంత వెంట్రుకల ముద్దను కక్కింది. తర్వాత గిన్నెడు నీళ్ళు తాగి అన్నం కోసం చూసింది. నర్సవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని, "చూసినవా బాలు!" అంది. గుండ్రంగా లేదని అనబోయి మానుకున్నాను.

డాక్టరుకు చెబితే, "చెప్పా కదా, బాల్ అని," అన్నాడు తృప్తిగా. గోమార్లున్నాయి, ఆ దురదకే నాకుతోంది, వాటికి మందు రాస్తాను, రోజూ దువ్వండి, నీళ్ళు బాగా తాగనివ్వండి అన్నాడు. తిండి మానేసి ఓకరిస్తే మాత్రం ఆగకుండా తీసుకురమ్మన్నాడు. ఏ భాషలో బాల్ అన్నారని అడగడానికి నేను నోరు తెరిచాను. నర్సవ్వ నా చెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చింది. చిలక ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆమె మాటలు వింది. రోజూ ఒక ఉండ గోడ దాటేది.

తర్వాత నాకు ఉద్యోగమొచ్చింది, పెళ్ళయింది. రెండు అర్థాలున్న ఆదేశాలు, మూడు అర్థాలున్న మౌనాలు నా వంతుకు చాలానే వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ఇప్పటికీ అర్థం కాలేదు. అలాంటప్పుడు దువ్వడానికి ఏముందా అని చూస్తాను. ఏదో ఒకటి ఉంటుంది.

ఇవాళ మా కుక్క రెండోసారి ఓకరించలేదు, పెట్టింది తినేసింది. అయినా దువ్వెన తీసుకుని వరండాలో కూర్చున్నాను. వచ్చిన బొచ్చును ఉండగా చుడుతుంటే మా ఆవిడ తొంగి చూసి, "చేతిలో ఏమిటది?" అంది.

"బాల్."

"ఏ బాల్?"

తెలియదన్నాను. కుక్క బొచ్చు మీద ఉమ్మాలా, అక్కర్లేదా అన్నది కూడా నాకు ఇంతవరకూ తేలలేదు. 'తూ, తూ' అని గోడవతల పారేశాను.